రెండో మైలు ఎవరిది?



ఈ వారం ఒక చిన్న మాటను మీతో కలిసి ధ్యానించాలని ఆశపడుతున్నాము. ఆ మాట 'మైలు'.

మన దేశంలో మైలు లెక్క పోయి చాలా కాలమైంది. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 నుండి మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమలయింది. రోడ్ల మీదికి కిలోమీటర్లు వచ్చాయి. అయినా మన యౌవనస్థులు కొత్త బండి చూస్తే ముందు అడిగేది "మైలేజీ ఎంత?" అనే. జవాబు మాత్రం లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని వస్తుంది. రోడ్డు పక్కన రాయి మీద కిలోమీటర్లే రాసి ఉంటాయి, మనం దాన్ని మైలురాయి అంటాము. సంఘానికి ఇరవై అయిదేండ్లు నిండితే అది కూడా మైలురాయే. కొలత పోయినా మాట మన నోట్లో ఉండిపోయింది. అంతగా మనదైపోయిన ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే, మన ప్రభువు కొండమీద చెప్పిన ఒక మాట మనకు కొత్తగా అర్థమవుతుంది. అందుకే ఇంత దూరం నుండి మొదలుపెడుతున్నాము. కొంచెం ఓపికతో రండి.

మైలు ఇంగ్లీషు వాళ్ళ ద్వారా మనకు వచ్చింది కానీ, పుట్టింది రోమా వాళ్ళ భాష లాటిన్‌లో. లాటిన్‌లో 'మిల్లె' అంటే వెయ్యి. 'మిల్లె పాస్సుస్' అంటే వెయ్యి అంగలు. వాళ్ళ అంగ మనం అనుకునే అడుగు కాదు. ఎడమ కాలు నేల తాకిన చోటు నుండి మళ్ళీ ఎడమ కాలే నేల తాకే చోటు వరకు ఒక అంగ. అంటే మన లెక్కలో రెండడుగులు వేయాలి. అటువంటి అంగకు అయిదు రోమా అడుగుల పొడవని వాళ్ళ లెక్క. వెయ్యి అంగలు నడిస్తే ఒక మైలు, అంటే మన కిలోమీటరున్నర కంటే కొద్దిగా తక్కువ. పొలం గట్టు మీద పోతున్నప్పుడు ఎడమ కాలు పడ్డప్పుడల్లా ఒకటి, రెండు అని లెక్కపెట్టి చూడండి. వెయ్యి వచ్చేసరికి రోమా మైలు అంటే ఏమిటో మీ కాళ్ళకే తెలుస్తుంది.

ఈ కొలతను లోకమంతా మోసుకుపోయినవి రోమా సైన్యాలు. వాళ్ళు ఎక్కడికి పోతే అక్కడ రోడ్డు వేశారు, రోడ్డు పక్కన మైలుకొక రాయి పాతారు. అగస్తు కైసరు క్రీస్తుపూర్వం 20లో రోమా పట్టణం నడిబొడ్డున బంగారు మైలురాయి అనే పేరుతో ఒక స్తంభం నిలబెట్టించాడు. లోకంలోని దారులన్నీ తన దగ్గరే మొదలవుతాయని చెప్పుకోవడం అది. మన ప్రభువు పుట్టిన దినములలో ప్రజాసంఖ్య వ్రాయించమని ఆజ్ఞ ఇచ్చినవాడు కూడా ఈ అగస్తే అని లూకా సువార్తలో చదువుతాము.

ఇంగ్లాండులో ఈ మైలు కొంచెం సాగింది. ఆ కథ మన రైతులకు నచ్చుతుంది. అక్కడి రైతులు ఎడ్లతో దున్నేటప్పుడు ఒక్క ఊపులో తీసే చాలు పొడవును ఫర్లాంగు అన్నారు. ఆ మాటకు అర్థమే చాలు పొడవు. మన పెద్దలకు ఫర్లాంగు బాగా తెలుసు, ఇంటి నుండి బడికి ఎన్ని ఫర్లాంగులని చెప్పుకునేవారు. పొలాల లెక్కలన్నీ ఆ ఫర్లాంగు మీదే ఉండేవి. 1593లో ఎలిజబెతు రాణి కాలంలో పార్లమెంటు మైలుకు ఎనిమిది ఫర్లాంగులు అని చట్టంలో రాసింది. దానితో మైలు 1,760 గజాలయింది. పొలాల హద్దులు మార్చడం కష్టం గనుక మైలునే పొడిగించారన్నమాట. సైనికుడి కాలు లెక్క రైతు నాగలి లెక్క ముందు తలవంచింది. 1959లో ఇంగ్లీషు మాట్లాడే దేశాలు కూర్చుని మైలుకు 1,609.344 మీటర్లని ఖాయం చేసుకున్నాయి. ఓడలవాళ్ళ మైలు మళ్ళీ వేరు, అది 1,852 మీటర్లు.

మన పెద్దలకు మైలు రాకముందు దూరం తెలియదా? తెలుసు. వాళ్ళకు కోసు ఉంది, ఆమడ ఉంది. సంస్కృతంలో క్రోశమంటే కేక. ఒకడు గట్టిగా కేకవేస్తే వినబడేంత దూరమనే తలంపులో నుండి ఆ కొలత పుట్టింది. ఇప్పటికీ మనం కూతవేటు దూరం అంటాము కదా, అదే తలంపు. తర్వాత కోసుకు రమారమి రెండు మైళ్ళని, నాలుగు కోసులు ఒక ఆమడ అని లెక్క కుదిరింది. మన తెలుగు బైబిలును తర్జుమా చేసినవారు ఈ మాటలను ఎంత చక్కగా వాడుకున్నారో చూడండి. గ్రీకులో ఎమ్మాయు గ్రామం యెరూషలేముకు అరవై స్టాడియముల దూరం, అంటే పదకొండు కిలోమీటర్లు. మనవారు దాన్ని ఆమడ అన్నారు. బేతనియకు పదిహేను స్టాడియములు, మూడు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. దాన్ని కోసెడు అన్నారు. చదువురాని తల్లి కూడా విన్నవెంటనే మనసులో ఆ దారి నడిచిపోగలదు.

రోమా వాళ్ళు దూరాన్ని సైనికుడి కాలితో కొలిచారు. ఇంగ్లీషు రైతు నాగలి చాలుతో కొలిచాడు. మన పూర్వీకులు మనిషి గొంతుతో కొలిచారు. ప్రభుత్వం కాగితంతో కొలుస్తుంది. 2016 అక్టోబరు 11న మన మద్దూరు వరంగల్లు జిల్లాలో నుండి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. ఊరు అడుగు కూడా కదలలేదు, అయినా కలెక్టరాఫీసుకు పోయే దారి మారిపోయింది. దూరం ఎంత అనేది ఒక ప్రశ్న, ఆ దూరాన్ని ఎవరు కొలుస్తున్నారు అనేది ఇంకొక ప్రశ్న. ఈ రెండో ప్రశ్నను మనసులో పెట్టుకొని వాక్యంలోకి వద్దాము.

గ్రీకు భాషలోని కొత్త నిబంధన అంతటిలో మైలు అనే మాట ఒక్కచోటే ఉంది. మత్తయి సువార్త 5వ అధ్యాయం, 41వ వచనం. ఎవడైనా ఒక మైలు రమ్మని బలవంతపెడితే వానితో రెండు మైళ్ళు వెళ్ళమని ప్రభువు చెప్పిన చోటు. మిగతా చోట్ల సువార్తలు స్టాడియములలో దూరం చెబుతాయి. ఇక్కడ మాత్రం 'మిలియోన్' అని లాటిన్ నుండి వచ్చిన మాట ఉంది. ఆ మాట అక్కడ ఎందుకుందో ఆ పక్కనున్న క్రియాపదమే చెబుతుంది. బలవంతం చేయడానికి అక్కడ వాడిన గ్రీకు మాట పారసీక రాజుల కాలం నాటి వార్తాహరుల వ్యవస్థ నుండి వచ్చింది. రాజు కబురు మోసేవాడు దారిలో ఎవరి గుర్రాన్నైనా, ఎవరి కాళ్ళనైనా పట్టుకోవచ్చు. రోమా వాళ్ళ కాలంలో ఆ మాటకు అర్థం ఒక్కటే. ప్రభుత్వపు మనిషి దారిన పోయేవాడిని ఆపి, ఈ మూట ఎత్తు, నడువు అనడం.

మన తెలంగాణలో దీనికి వేరే వివరణ అక్కరలేదు. దాని పేరు వెట్టి.

ఒకసారి కొండమీది ప్రసంగం నుండి వరుసగా వాక్యం చెబుతూ ఈ వచనానికి వచ్చాము. ఆరాధన ముగిసిన తరువాత అందరూ వెళ్ళిపోయారు గానీ, ఒక వృద్ధుడు కర్ర పట్టుకొని గోడ దగ్గరే కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. దగ్గరికి వెళ్ళి, "ఏం తాతా, ఇంటికి పోలేదా?" అని అడిగాము. ఆయన అన్న మాటలు ఆయన భాషలోనే రాస్తున్నాము.

"అయ్యగారూ, మా నాయిన వెట్టి చేసిండు. దొర బండి ముందల ఉరికెటోడు. సర్కారు మనిషొస్తే ఆయిన మూట నెత్తి మీద వెట్టుకొని పక్కూరి పొలిమేర దాంక మోసెటోడు. ఆడికెల్లి ఆ ఊరోడు మొయ్యాలె. కూలి లేదు, గట్క గూడ వొయ్యలె. ఇగ ఏసయ్య గూడ ఇంకో మైలు మొయ్యమనవట్టె. గట్లయితె దొర మాటకు, దేవుని మాటకు తేడా ఏందయ్యా?"

ప్రియులారా, ఈ ప్రశ్నను దాటిపోయి ఆ వచనాన్ని చెప్పే హక్కు ఈ నేల మీద ఏ బోధకునికీ లేదని మేము నమ్ముతాము. మీలో చాలామంది తాతలు, ముత్తాతలు ఆ మూట మోసినవారే. కుమ్మరివారు కుండలు, మాదిగవారు చెప్పులు, మోటకు తోలు ఉత్తపుణ్యానికి ఇచ్చుకోవాలి. చాకలివారు బట్టలుతకాలి. దళితవాడ నుండి మనిషి పోయి కబుర్లు, కాగితాలు ఠాణాకు, తాలూకా కచేరికి మోయాలి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదలైన ఆంధ్రమహాసభ తరువాతి కాలంలో ఈ వెట్టి మీదనే గట్టిగా గొంతెత్తింది. 1946 జులై 4న అప్పటి జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగాడు. 1948 ఆగస్టు 27న మన పక్కనున్న బైరాన్‌పల్లిలో ఎంత రక్తం పారిందో ఆ బురుజు ఇప్పటికీ చెబుతుంది. ఆ తరువాత వచ్చిన మన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. ఇంత మంది నడిచి, పడి, లేచి తెచ్చుకున్న దానిని ఒక ప్రసంగంలో మనం తిరిగి ఇచ్చేయకూడదు.

మరి ప్రభువు ఏమి చెప్పాడు?

మొదట, ఆయన చెప్పనిది చూద్దాము. మొదటి మైలు న్యాయమని ఆయన చెప్పలేదు. సైనికునికి ఆ హక్కు దేవుడిచ్చాడని కూడా చెప్పలేదు. బలవంతాన్ని బలవంతమనే పిలిచాడు. ఆ పక్క వచనాలలో చెంపదెబ్బ ఉంది, అంగీ కోసం వ్యాజ్యెం ఉంది. ఇవన్నీ బలహీనుని మీద జరిగే అన్యాయాలే, వాటిలో దేనికీ ఆయన మంచి పేరు పెట్టలేదు.

రోమా పాలకులకు కూడా ఇది అన్యాయమని తెలుసు. ఇప్పటి టర్కీలో సగలస్సోసు అనే పాత పట్టణం దగ్గర ఒక శాసనం దొరికింది. తిబెరి కైసరు ఏలుబడి తొలి సంవత్సరాలది, అంటే మన ప్రభువు నజరేతులో యౌవనస్థుడుగా ఉన్న కాలానిది. అధికారులకు ఊరివారు ఎన్ని బండ్లు, ఎన్ని కంచరగాడిదలు ఇవ్వాలో, వాటికి ఎంత కిరాయి కట్టాలో అందులో లాటిన్‌లో, గ్రీకులో చెక్కించారు. హద్దు గీసి రాతి మీద చెక్కించవలసి వచ్చిందంటే హద్దు దాటేవారు ఎంతమంది ఉండి ఉంటారో ఆలోచించండి.

ఇక ఆయన చెప్పినది. మైలంటే వెయ్యి అంగలని చూశాము. ఆ మొదటి వెయ్యి అంగలు ఎవరివి? కాళ్ళు పేదవానివి, లెక్క సైనికునిది. ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ దించాలో అన్నీ వాడే చెబుతాడు. వెయ్యోది పడ్డ చోట వాడి మాట అయిపోతుంది. అక్కడి నుండి పడే ప్రతి అడుగూ నడిచేవానిది. దానిని ఏ కైసరూ ఆజ్ఞాపించలేదు, ఏ రాయీ కొలవలేదు. దించు అన్నవాని ముఖంలోకి చూసి, "ఇంకొంచెం దూరం వస్తాను పద" అన్నప్పుడు మొట్టమొదటిసారి ఆ ఇద్దరూ దొర, బేగరి కాకుండా ఇద్దరు మనుషులుగా దారిలో నిలబడతారు. శత్రువును ప్రేమించమనే మాట ఆ వెంటనే అదే అధ్యాయంలో వస్తుంది. ప్రేమించాలంటే ముందు స్వతంత్రుడై ఉండాలి. ప్రభువు ఆ పేదవాని నెత్తిన ఇంకొక మూట పెట్టలేదు, వాని కాళ్ళు వానికి తిరిగి ఇచ్చాడు.

తాతకు ఇదే మా మాటల్లో చెప్పాము. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "అంటె ఆ రెండో మైలు దొర అడగరాదన్నట్టు," అన్నాడు. మేము చెప్పాలనుకున్నది ఆయన మాకంటే తక్కువ మాటల్లో చెప్పాడు.

అవును. రెండో మైలు ఎవరూ ఎవరినీ అడగరాదు. అడిగిన క్షణమే అది మళ్ళీ మొదటి మైలవుతుంది. ఈ మాటను మనం జాగ్రత్తగా పట్టుకోవాలి, ఎందుకంటే ఈ వచనాన్ని ఇతరులకు చెప్పడం చాలా సులువు. పత్తి ఏరిన కూలీకి కూలి తగ్గించి, "విశ్వాసివి కదమ్మా, సర్దుకో" అనేవారు ఉన్నారు. ఇంట్లో అందరికంటే ముందు లేచి, అందరికంటే ఆఖరున తినే కోడలికి, "రెండో మైలు నడువు బిడ్డా" అని చెప్పే అత్తమామలు ఉన్నారు. తాగి వచ్చి కొట్టే భర్త దగ్గరికి ఈ వచనం చెప్పి ఆడబిడ్డను తిరిగి పంపేవారు ఉన్నారు. దేవుని పని అని పేరుపెట్టి యౌవనస్థుల చేత రాత్రింబగళ్ళు పని చేయించుకొని, అన్నం తిన్నారా అని కూడా అడగని సంఘాలు ఉన్నాయి. వీటిలో ఏదీ రెండో మైలు కాదు. కూలి ఎగ్గొట్టినవాని మీద ఆ కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక హెచ్చరిస్తుంది. అన్యాయం జరిగిన చోట న్యాయం అడగడం విశ్వాసానికి విరోధం కాదు. తనను న్యాయం లేకుండా కొట్టి చెరలో వేసినప్పుడు పౌలు తన పౌరహక్కును ఎత్తి చూపి, అధికారులే వచ్చి తమను బయటికి తీసుకొని పోవాలని ఫిలిప్పీలో పట్టుబట్టాడు.

కాబట్టి ఈ వచనాన్ని ఎవరికి వారు తమకే చెప్పుకోవాలి. బలం ఉన్నవాడైతే ముందు మొదటి మైలు మూటను ఎవరి నెత్తిన పెడుతున్నాడో చూసుకోవాలి.

సువార్తలో ఆ క్రియాపదం మరొక చోట వస్తుంది. మన ప్రభువు సిలువ మోయలేక పోతున్నప్పుడు సైనికులు కురేనీయుడైన సీమోనును పట్టుకున్నారు. అక్కడ కూడా గ్రీకులో అదే మాట, తెలుగులో కూడా బలవంతమే. ఆయన పల్లెటూరి నుండి వస్తున్నాడని సువార్త చెబుతుంది. పండుగకు వస్తున్న మనిషి. వెట్టికి దొరికిపోయాడు. ఎంత దూరం మోశాడో ఏ సువార్తికుడూ కొలిచి రాయలేదు. కానీ మార్కు ఆయన కుమారుల పేర్లు రాశాడు, అలెక్సంద్రు, రూఫు అని. చదివేవారికి ఆ పిల్లలు తెలిసినవారే అన్నట్టు రాశాడు. కైసరు లెక్కలో సీమోను ఒక జత భుజాలు. సంఘం లెక్కలో ఆయన ఫలానా వారి నాయన. మన తాతల పేర్లు వెట్టి చేయించుకున్నవారి పుస్తకాలలో లేవు. అవి మన ఇండ్లలో, మన నోళ్ళలో ఉండాలి. పిల్లలకు చెప్పండి. మీ ముత్తాత ఏ ఊరి పొలిమేర వరకు మోశాడో, ఏ రోజు ఇక మోయనన్నాడో చెప్పండి.

చివరిగా ఆ ఆమడ దూరపు ఎమ్మాయు దారికి వద్దాము. పునరుత్థానుడైన ప్రభువు ఇద్దరు దిగులుపడ్డ మనుషులతో కలిసి ఆ దారి నడిచాడు. ఆయనను ఎవరూ రమ్మనలేదు. వాళ్ళ దుఃఖం వింటూ, వాళ్ళ అడుగుకు అడుగు కలుపుతూ నడిచాడు. ఊరు దగ్గరికి రాగానే ఇంకా ముందుకు పోయేవానిలా కనిపించాడు. అప్పుడు వాళ్ళు పొద్దు గూకింది, మాతో ఉండమని ఆయనను బలవంతం చేశారు. గ్రీకులో ఇది వేరే మాట, కానీ మన తెలుగు బైబిలులో ఇక్కడ కూడా బలవంతమనే ఉంది. మనకు ఈ బలవంతం కూడా తెలుసు. వచ్చిన చుట్టాన్ని చెయ్యి పట్టుకొని, "తినకుండా ఎట్ల పోతవ్?" అని కూర్చోబెట్టే బలవంతం. ఆ రాత్రి రొట్టె విరిచినప్పుడు వాళ్ళ కన్నులు తెరవబడ్డాయి. వెంటనే లేచి, చీకట్లోనే, ఆ ఆమడ దూరం తిరిగి యెరూషలేముకు నడిచారు. రమ్మని ఆజ్ఞాపించినవాడు లేడు, మైలురాళ్ళు లెక్కపెట్టినవాడు లేడు.

ఈ వారం మీలో ఎవరికైనా ఇవ్వవలసిన కూలి మీ దగ్గర ఆగి ఉంటే ముందు అది ఇచ్చేయండి. ఎవరి చేతనైనా ఊరికే పని చేయించుకుంటుంటే మానేయండి. ఆ తరువాత మీకు మీరుగా, ఎవరూ అడగకుండా, ఒకరితో కొంచెం దూరం నడవండి. ఆసుపత్రికి ఒంటరిగా పోయే ముసలితల్లి కావచ్చు, మీతో మాటలు మానేసిన పాలివాడు కావచ్చు. దూరాన ఉన్న బిడ్డలారా, మీకైతే ఒక ఫోను చాలు. మన పెద్దలు దూరాన్ని గొంతుతో కొలిచారని చెప్పుకున్నాము కదా, మీ గొంతు వినబడితే మీ అమ్మానాయినలకు మీరు కూతవేటు దూరంలో ఉన్నట్టే.

మన పాదములను సమాధాన మార్గములో నడిపించు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.